విక్కిగాని పాలసీస

అక్కకు, బావకు మీ చెల్లె సరిత శనార్తులు. అత్తమ్మ మోకాళ్ల నొప్పులు జర తగ్గినయా? బావ దగ్గు ఎట్లుంది? ఇక్కడ నేను మంచిగనే ఉన్న. నా గురించి ఫికర్ చెయ్యకుండ్రి.

ఫోన్ల చెప్పే ముచ్చటే. కని మనూర్ల టవర్ సగం మాటకే పోతది, మిగిలిన సగం నేను ఏడ్సి చెడగొడత. అందుకే రాస్తాన. ఏటూరునాగారం బస్సుకు పోయే మల్లక్క చేతికిచ్చి పంపుతాన, నింపాదిగ చదువు.

హన్మకొండల పండ్ల డాక్టరమ్మ దగ్గర పని కుదిరిందని చెప్పిన గదా. ఊడ్సుడు, తుడ్సుడు, సామాను ఉడుకవెట్టుడు, వచ్చినోళ్లను పేరు వెట్టి పిలుసుడు. "సరితా, తిన్నవా" అని అడుగుతది ఆమె. దినమంతట నన్ను ఆ మాట అడిగేది ఆమె ఒక్కతే. చలి మొదలైంది. నా అర్ర పక్కన ఇంటోళ్ల మగ్గం ఉన్నది. దాని చప్పుడైనంతసేపు ఎవరో తోడున్నట్టే ఉంటది, అది ఆగితే అన్నం సయించదు. ఒక్కదానికే గదా అని పచ్చిపులుసు చేసి రెండు పూటలు అదే తింటాన. అయినా మంచిగనే ఉన్న.

ఇగ అసలు ముచ్చట. మొన్న నువ్వు పంపిన ఫోటోల విక్కిగాడు నవ్వుతాండు. మురిసిపోయి డాక్టరమ్మకు చూపెట్టిన, "నా కొడుకు మేడం, మూడేండ్లు నిండినయ్" అని. ఆమె ఫోటో పెద్దగ చేసి చూసింది. "సీసపాలు తాగుకుంట నిద్రపోతడా? చక్కెర వేస్తరా?" అన్నది. అవును మేడం అన్న. ముందటి పండ్ల మీద ఆ నల్ల గీతలు పుచ్చుడట అక్కా. నేను బెల్లం అంటిందనుకున్న.

పాలు చెడ్డయి కావట. పాలు, పెరుగు పండ్లకు బలమేనట. తీపి తిన్నంక చీజ్ ముక్క నమిలితే ఉమ్మి బాగ ఊరి పండ్లను కాపాడతదట. చీజ్ అంటే మన జున్ను లెక్క తియ్యగుండదు, ఉప్పగ ఉంటది. నాకు ఒక ముక్క పెడితే మైనం నమిలినట్టయి మొహం వంకర వెట్టిన, డాక్టరమ్మ ఒకటే నవ్వుడు. చెరుపు చేసేది చక్కెర. చక్కెర పాలు నోట్ల పట్టుకొని పండుకుంటే తెల్లారేదాక పండ్లను తింటదట.

ఆ సీస అలవాటు చేసింది నువ్వు కాదు, నేను. యాదికుందా, మీ మరిది పోయినంక నేను ఈడికి పనికి రావాల్నని, వాడు నా పాలు మానాల్నని, వేపాకు నూరి రొమ్ముకు రాసుకున్న. వాడు నోరు వెట్టి, చేదుకు ఇడిసి, నా మొహం చూసిండు. ఆ చూపు నేను ఇప్పటికీ మరువలే. ఆ చేదు పోవాల్నని సీసల రెండు చెంచాల చక్కెర కలిపి ఇచ్చిన. నేను లేకున్నా నిద్రపోవాల్నని నేనే నేర్పిన. ఊర్ల అందరు చేసేదే గదా అనుకున్న.

రేపటి సంది చక్కెర జర జర తగ్గియ్యి. పాలు గిలాసల తాపి, తడిబట్టతోని పండ్లు తుడిసి పండవెట్టు. మరీ ఏడిస్తే సీసల ఉత్త నీళ్లే పొయ్యి. చీజ్ కొనకు, ఫ్రిజ్ లేకుంటే ఆగదు, మన బర్రె పెరుగే చాలు. అత్తమ్మ సీస పీకకు వేపాకు రాద్దామంటది, నాకు తెలుసు. వద్దని చెప్పు. ఆ చేదు వానికి ఒకసారి చూపిచ్చిన, చాలు. పై వారం వాన్ని తీస్కొని ఒక దినం రా, డాక్టరమ్మ చూస్తనన్నది. సీస లేకుంట పండుకున్న దినం ఒక మిస్డ్ కాల్ ఇయ్యి. నేను ఎత్తను, తెలుసుకుంట అంతే.

ఇంకొక్క మాట. మొన్న ఫోన్ల వాడు నిన్ను అమ్మా అంటే నేను గరమైన. పెద్దమ్మ అనుడు నేర్పుమన్న. నీ మనసు నొచ్చింది, నాకు తెలుసు. సీస తీసేసినంక వానికి పట్టుకొని పండుకోను ఏం ఉండదక్కా. నీ కొంగు పట్టుకోనియ్యి. అమ్మా అంటే ఊ అను. దిద్దకు.

అత్తమ్మకు, బావకు నా దండాలు చెప్పు. మీ దీవెనలే నాకు ఈడ తోడు.

నీ చెల్లె
సరిత