నెత్తిమీద పిడికిలి

ప్రియమైన యోర్గెన్‌కి,

ఇంటి దగ్గర నేనూ పిల్లీ కులాసా. గ్రీన్‌లాండ్ చలికి నీ మోకాలు ఎలా ఉందో రాయలేదు, బాగానే ఉందనుకుంటాను. మన సిగ్నే సంగతి మాత్రం నువ్వడిగినట్టు ఒక్క ముక్కలో రాయలేను. ఫోనులో చెప్పబోతే మధ్యలో అడ్డు తగులుతావు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. పొగగొట్టం బాగు చేయించాను. నీ ఉన్ని మేజోళ్ళు పోస్టు చేశాను. ఇక మూడోది, ఆ స్కూలువాళ్ళు మన పిల్లకి ఏదైనా మందు పెట్టి తమవైపు తిప్పుకుంటున్నారా అని. నాకూ అదే అనుమానం, నీకన్నా ఓ పాలు ఎక్కువే.

ఎనిమిది నెలలు గది తలుపు తియ్యని పిల్ల, ఆ హాస్టలు స్కూల్లో చేరిన ఏడువారాలకే ఫోను చేసి, "అమ్మా, ఈ వారం నేను వెనిస్‌లో మిరియాల వర్తకుణ్ణి, లెక్కలన్నీ నా నెత్తినే ఉన్నాయి" అంటే ఎవరికి అనుమానం రాదు చెప్పు? అక్కడ లెక్కలు వర్తకులై నేర్చుకుంటారట, జర్మన్ భాష రాయబారులై నేర్చుకుంటారట. అంతవరకు సరే. బుధవారాల్లో గ్రేథె అనే మానసిక వైద్యురాలు మన సిగ్నేతో కలిపి నలుగుర్ని బల్ల చుట్టూ కూర్చోబెట్టి, పాచికలు వేయించి, ఏవో కథల్లో వేషాలు కట్టిస్తుంది. ఏం మాట్లాడుకుంటారే అని అడిగితే, "బల్ల దగ్గర మాట బల్ల దగ్గరే, అమ్మా" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆటల పేరు చెప్పి ఇంటి గుట్టు లాగుతున్నారేమోనని భయం కూడా వేసింది. ఏ గుట్టో నీకు తెలుసు.

అందుకే పోయిన శనివారం, తల్లిదండ్రులు వచ్చే రోజున, స్కూలు మాన్పిస్తున్నామని ఉత్తరం రాసి కోటు జేబులో పెట్టుకునే వెళ్ళాను.

వ్యాయామశాలలో పాత దుప్పట్లతో కోట గుమ్మం కట్టారు. ఊరికే చూసేవాళ్ళు ఉండకూడదు, వచ్చినవాళ్ళందరూ వేషం కట్టాల్సిందేనట. వేషం పేరు రాసిన పసుపు గుడ్డపీలిక నా రొమ్మున గుచ్చి, గుమ్మం కాపలా పని అప్పజెప్పింది గ్రేథె. గూఢచారులు తిరుగుతున్నారు గనక ప్రతివాళ్ళ మూటా విప్పాలి, ప్రతి కాగితమూ చదవాలి. ఇది నాకే ఎందుకొచ్చిందని నిలదీశాను. చీటీలు తీశామంది. నేను నమ్మలేదు. ఒక్క నియమం చెప్పింది. ఆటలో ఏమన్నా అది వేషం మాటే, మనది కాదు. పిడికిలి నెత్తిమీద పెట్టుకుంటే మాత్రం ఆట బయటికి వచ్చినట్టు, అప్పుడు మాట్లాడేది మనమే.

మొదట సిగ్గేసింది. పళ్ళ డాక్టరొకాయన బిచ్చగాడై నా కాళ్ళమీద పడి రొట్టె అడిగాడు. కాసేపటికి, నిజం చెప్పొద్దూ, సరదా పుట్టింది. మూటలు విప్పాను, గద్దించాను, ఒకరి సంచిలో రై రొట్టె దొరికితే తినేశాను కూడా. అనుమానించడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

ఆరో మనిషిగా సిగ్నే వచ్చింది, వార్తలు మోసేదాని వేషంలో. బూడిదరంగు శాలువా కిందనుంచి తాడు కట్టిన నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టింది.

"విప్పి చదువుకోండి, దొరగారూ. మీ పని అదేగా" అంది.

నా చెయ్యి తాడుమీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

యోర్గెన్, సిగ్నే నీలం అట్ట డైరీ తాళం హెయిర్‌పిన్నుతో తీసిన చెయ్యి అది. పదమూడేళ్ళు దాటినా రాత్రి పక్క తడుస్తోందని అందులో రాసుకుంది. క్లాసు పిల్లలు క్యాంపుకి వెళ్ళబోతుంటే, పిల్ల ఇబ్బంది పడకూడదని నేనే వెళ్ళి టీచరుకి చెప్పాను. ఆవిడ నోరు జారింది, క్లాసంతా నవ్వింది. సిగ్నే ఆ మాట చెప్పుకున్నది ఒక్క అల్బెర్టెతోనే గనక, ప్రాణంలాంటి స్నేహితురాలే మోసం చేసిందనుకుని ఆ పిల్లని వదులుకుంది, స్కూలూ వదులుకుంది. మనం వంటింట్లో నిలబడి ఏమనుకున్నాం? "అలాగే అనుకోనీలే" అన్నది నువ్వు. తలూపింది నేను.

పుస్తకం వెనక్కి నెట్టి, వెళ్ళమన్నాను.

"చదవకుండా వదలకూడదు. ఆట పాడవుతుంది" అంది సిగ్నే.

అప్పుడు పిడికిలి నెత్తిమీద పెట్టుకున్నాను. బిచ్చగాడు అడుక్కోవడం ఆపేశాడు. చెప్పేశాను. "నీలం డైరీ చదివింది నేను. టీచరుకి చెప్పింది నేను. అల్బెర్టె కాదు."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. తనూ పిడికిలి నెత్తిమీద పెట్టుకుంది.

"నాన్నకి తెలుసా?"

తెలుసన్నాను. నిన్ను అడక్కుండానే నీ వంతు కూడా చెప్పేశాను. కోపం వస్తే రానీ.

ఆట అయ్యాక అందరూ గుడ్డపీలికలు తీసి బుట్టలో వేస్తూ సొంత పేరు చెప్పుకున్నారు. గ్రేథె గుచ్చి గుచ్చి అడుగుతుందని కాచుకుని కూర్చున్నాను. ఒక్క ప్రశ్న వెయ్యలేదు, కాఫీ పోసిచ్చింది. ఆ చీటీల మాట మాత్రం నాకిప్పటికీ నమ్మకం లేదు.

బస్సు దగ్గరికి సిగ్నే వచ్చింది. దగ్గరికి తీసుకోబోతే వెనక్కి జరిగింది. "అల్బెర్టె వాళ్ళింటికి నువ్వే వెళ్ళి చెప్పు" అంది, అంతే. సోమవారం వెళ్ళాను. ఆ పిల్ల గుమ్మంలో నిలబడే అంతా విని, సిగ్నే అడ్రసు ఇమ్మంది. జేబులో ఇంకో కాగితం లేక, స్కూలు మాన్పించే ఉత్తరం వెనక రాసి, ఆ ముక్క చింపి ఇచ్చాను.

సిగ్నే నీకూ రాస్తానంది. బహుశా రెండు ఉత్తరాలూ ఒకే విమానంలో వస్తాయి. అందులో ఏం అడుగుతుందో నీకు తెలుసు. మంచి నాన్న వేషంలో జవాబు రాయకు. కుడిచేత్తో కలం పట్టుకునే ముందు, ఎడమ పిడికిలి నెత్తిమీద పెట్టుకో.

ఇట్లు,
గుమ్మం కాపలా మానుకున్న నీ భార్య
బోదిల్