మస్తాన్ చేలో పీకేసిన చాళ్ళు

మంగళవారం, రాత్రి

మస్తాన్‌ను ఏడిపించకపోతే నాకు పొద్దు గడవదు. బట్టలు కుట్టుకునే మనిషి, సముద్రం పక్క ఇసక నేలలో మొదటిసారి శెనక్కాయ వేశాడు. పొద్దున ఒక మొక్క పీకి, వేర్లకున్న బుడిపెలు చూపించాను. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంది.

“చూడు భాయ్, నెత్తురు! నీ చేనుకు కురుపులు లేచినాయి. అంటురోగం ఇది.”

ఉత్తదేనని సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను. టీ కొట్టు దగ్గర వ్యవసాయం ఆఫీసు అమ్మాయికి అదే మొక్క చూపించి నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు.

“వేరు మట్టిలోకి ఒక రసం వదుల్తుందన్నా. దానికే కంటికి కనపడని జీవాలు వచ్చి, ఈ బుడిపెల్లో కాపురం పెట్టి మొక్కకు ఎరువు తయారు చేస్తాయి. ఎర్రగా ఉంటే బాగా పని చేస్తున్నట్టు.”

చేలోకి పరుగెత్తాను. అప్పటికే ఆరు చాళ్ళు పీకి గట్టున పోశారు.

“నువ్వు చెప్పబట్టి తెలిసిందన్నా. మిగతాది రేపు పీకేస్తాం,” అన్నాడు మస్తాన్. వాళ్ళావిడ నూర్జహాన్ పీకిన మొక్కల్ని గట్టున కుప్ప పోస్తోంది.

నిజం చెప్పాలనే నోరు తెరిచాను. వచ్చింది వేరే మాట.

“ఆగు, ఇంక పీకబాక భాయ్, మందుందంట. రేపు నేనే తెస్తా.”

మట్టి చేతులతోనే నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

మిగతా చేను నిలిచింది, సరే. లేని రోగానికి మందేది? ఇంటికొచ్చి ఖాళీ సీసా ఒకటి కడిగి పెట్టాను. అందులో నీళ్ళు పోసుకుపోవాలా, లేక ఉత్త చేతుల్తో వెళ్ళి నిజం...