బోర్డు గొంతు

మార్చి 10, శుక్రవారం

చిరంజీవి గడుగ్గాయికి,

అమ్మమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ నా మోకాళ్ళూ ఎవరి దారిన వాళ్ళం క్షేమం. నువ్వు క్షేమంగా లేవని నీ ఉత్తరమే చెప్పింది కాబట్టి ఆ ప్రశ్న అడిగి సిరా వృథా చేయను.

ముందు ఒక తప్పు దిద్దాలి. మీ తాతయ్య పోయిన రోజు కూడా నేను చెక్కుచెదరలేదనీ, షిఫ్టు ముగించుకునే ఇంటికొచ్చాననీ, అలాంటి గుండె నీకు లేదనీ రాశావు. మీ అమ్మ నీకు సగమే చెప్పింది. దానికి తెలిసిందీ సగమే.

అప్పట్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కాల్స్ కలిపే బోర్డు ముందు కూర్చునేదాన్ని. అవతల పెళ్ళి కబురైనా చావు కబురైనా మన గొంతు మాత్రం ఇస్త్రీ చీరలా ఉండాలని మా సూపర్‌వైజరమ్మ మొదటిరోజే చెప్పింది. ఆ రోజు ఆసుపత్రి గుమస్తా ఒక నంబరు అడిగాడు. మా ఇంటిదే. కలిపాను. పదకొండుసార్లు మోగింది; మీ అమ్మ బడిలో ఉంది. ఎవరూ తీయడం లేదండీ అన్నాను. ఆ ఇంటావిడ ఎక్కడ పనిచేస్తుందో కాస్త కనుక్కోగలరా అన్నాడు. నేనేనండీ, చెప్పండి అన్నాను, అదే గొంతుతో. చెప్పాడు. తీగ పీకి, పక్క కాల్ కలిపాను. సాయంత్రం దాకా కలుపుతూనే ఉన్నాను. దాన్ని మీరంతా ధైర్యం అంటున్నారు. నా చేతులకి మరో పని తోచలేదు, అంతే.

ఏడాదిన్నర తర్వాత, ఎంత నిబ్బరమమ్మా అని అందరూ మెచ్చుకుంటున్న రోజుల్లో, సబ్బు కొనడానికి వెళ్ళాను. పచ్చదా ఎర్రదా అని దుకాణదారు అడిగాడు. బస్తాల పక్కనే కూలబడి భోరుమన్నాను. పాపం, రెండూ ఇచ్చి పంపాడు.

తర్వాత బాగున్నాను. మళ్ళీ పడ్డాను. లేచాను. ప్రతిసారీ ఇదే ఆఖరనుకున్నాను. నన్ను ఎక్కువ దెబ్బతీసింది ఆ అనుకోవడమే. ఇప్పుడనుకోను.

మూడు నెలలు బాగుండి మళ్ళీ మంచమెక్కావు కాబట్టి ఆ మూడు నెలలూ బూటకమనీ, వచ్చే గురువారం డాక్టరు దగ్గరికి వెళ్ళననీ రాశావు. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పిల్లవి, నీకు నేను చెప్పాలా! చూపు మారితే పాత అద్దం మోసం చేసిందంటామా? నా చత్వారం అద్దాలు నువ్వు చేసింది ఆ మూడు నెలల్లోనే. ఈ ఉత్తరం వాటితోనే రాస్తున్నాను. బూటకమైతే అక్షరాలు కనపడకూడదే!

తగ్గిపోతుందని మాత్రం రాయను. నాకు తగ్గలేదు. నీకు తగ్గుతుందో లేదో తెలియదు. బాగున్న రోజు బాగుంటుంది. బాగులేని రోజు జుట్టు దువ్వుకుంటే చాలు. అదీ చేతకాకపోతే, చిక్కులతోనే ఉండు.

ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోను పట్టుకోగానే ఆ బోర్డు గొంతు వచ్చేస్తుంది. అందుకే ఈ కాగితాలు.

ఇట్లు,
చెక్కుచెదిరిన
నీ అమ్మమ్మ

తా.క.: పోయిన ఆదివారం దివ్యంగా ఉన్నానని ఫోనులో చెప్పినప్పుడు వంటింట్లో నేలమీద ఉన్నాను, పొద్దుటినుంచీ, లేవాలనిపించక. మీ అమ్మకు తెలియదు. నా స్నేహితురాలిని చూసే డాక్టరమ్మ అని చెప్పి నిన్ను ఆవిడ దగ్గరికి పంపాను చూడు, ఆ స్నేహితురాలిని నేనే. పంతొమ్మిదేళ్ళుగా. లిఫ్టు పాడై, మూడంతస్తులు దిగలేక, మాత్రలు అయిపోయి పదహారు రోజులైంది. నిన్ను అక్కడికి తోలడానికి ముసలిది వేసిన ఎత్తు అనుకుంటావేమో. ఎత్తులు వేసే ఓపిక ఇప్పుడు లేదే తల్లీ. పాత మందుల చీటీ ఇందులోనే పెట్టాను. గురువారం దానిమీద ఆవిడ సంతకం చేయించి, ఆ ఆసుపత్రి కిందే ఉన్న మందుల షాపులో ముప్ఫై మాత్రలు తీసుకో. నాలుగింటికి మూసేస్తారు. ఇటొచ్చేటప్పుడు ఒక సబ్బు కూడా తే. ఏ రంగని నన్నడగకు.