ఒటీలియా నడక

ఎల్బర్‌హైమ్ కోట,
1863 మార్చి 9

నన్ను కన్న అమ్మకు,

ఒటీలియాకు సంబంధం వచ్చింది. ఉత్తరాది రాజుగారి పెద్దకొడుకు. ఇంత చిన్న సంస్థానంతో అంత పెద్ద రాజ్యం వియ్యమందడానికి వస్తోందని మా మంత్రులు మురిసిపోతున్నారు. గురువారం వాళ్ల తరఫున కౌంటెస్ ఫన్ హాల్డెన్ అనే ఆవిడ, ఆస్థాన వైద్యుణ్ణి వెంటబెట్టుకుని వస్తోంది. మూడేళ్లప్పుడు జ్వరం తగిలి పిల్ల ఎడమకాలు సన్నబడిన సంగతి వాళ్ల చెవిన పడిందట. ‘యువరాణి మా ఎదుట హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి చేతికర్ర లేకుండా నడవాలి’ అని రాశారు.

అది చదివి మా ఆయన, “ఆవిడకి కావలసింది గుర్రమేమో, మన లాయానికి తీసుకెళ్దాం” అన్నారు. నాకు నవ్వు రాలేదు.

అమ్మా, ఇరవై రెండేళ్లుగా నీతో అనలేని మాట ఒకటుంది. ఈ ఇంటివాళ్లు నన్ను చూడవచ్చిన రోజున మా అత్తగారు నా నోరు తెరిపించి పళ్లు లెక్కపెట్టింది. జడ విప్పించింది, నడుము కొలిపించింది. నువ్వు కిటికీ దగ్గర నిలబడి తోటలోకి చూస్తున్నావు. ఒక్కసారైనా ఇటు తిరుగుతావేమోనని నేను నీ వీపునే చూస్తూ ఉండిపోయాను. తర్వాత ఆయన మంచివాడు కావడం నా అదృష్టం. ఆ మధ్యాహ్నపు మంట మాత్రం నాలో ఈనాటికీ చల్లారలేదు.

అందుకే నిశ్చయించుకున్నాను. పిల్లను ఆ హాల్లోకి రానివ్వను. నేనే ఎదురెళ్లి, ఈ సంబంధం మాకు వద్దని చెప్పి పంపించేస్తాను. ఒటీలియాకు ఇంకా ఏమీ చెప్పలేదు. తెలిస్తే చిన్నబుచ్చుకుంటుంది.

నీ థియోడోరా


ఎల్బర్‌హైమ్,
మార్చి 14

అమ్మా,

నేననుకున్నట్టు జరగలేదు. కౌంటెస్ కూర్చుంది, నేను గొంతు సవరించుకున్నాను. అంతలో తలుపు తీసుకుని ఒటీలియా వచ్చింది. వాళ్ల నాన్న అంతా చెప్పేశారట.

“నన్నడగకుండా నా పెళ్లి సంగతి నువ్వెలా తేలుస్తావమ్మా?” అంది నా చెవిలో. తర్వాత కర్రను తండ్రికి అందించి, “కాస్త పట్టుకోండి నాన్నా” అంది.

నడిచింది. ప్రతి అడుగుకూ ఎడమకాలు నేలను రాసుకుంటూ ఉంటే ఆ చప్పుడు హాలంతా వినిపించింది. వైద్యుడు పుస్తకంలో రాసుకుంటున్నాడు. సగం దూరంలో ఒకసారి తూలింది. నేను లేవబోతే మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. పిల్ల నిలదొక్కుకుని, వాళ్లను దాటుకుని అవతలి గుమ్మం దాకా వెళ్లి, తన చేత్తోనే తలుపు తెరిచింది.

“మీ బండి ఇటు ఉందండీ. సాగనంపుదామని వచ్చాను.”

కౌంటెస్ మొహం ఎర్రబడింది. “యువరాణీ, మీరు కాదంటున్నది సింహాసనాన్ని.”

“సింహాసనం మీద కూర్చోడానికి కాళ్లతో పనేముందండీ? ఆ మాత్రం తోచనివాళ్ల ఇంట్లో నేను ఇమడలేను.”

మా ఆయన పగలబడి నవ్వారు. కౌంటెస్ లేచింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, మా పిల్లకు తల వంచి మరీ వెళ్లింది.

అమ్మా, నేను దాన్ని కాపాడుతున్నాననుకున్నాను. నిజానికి ఆ కాలు నలుగురి కంటా పడకూడదన్నదే నా తపన. నాకే సిగ్గు. దానికి ఏ కోశానా లేదు. మంత్రులు రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. మాట్లాడకపోతే మానెయ్యనీ. ఊళ్లో రొట్టెలమ్మేవాళ్ల దగ్గర నుంచి అందరూ ఆ సింహాసనం మాటే చెప్పుకుంటున్నారట.

నన్ను చూడవచ్చిన ఆ రోజున నువ్వేం చెయ్యగలిగేదానివో నాకిప్పుడు తెలియడం లేదు. ఆనాడు నన్ను నోరు మూసుకోమని ఎవరూ అనలేదు, నేనే మూసుకున్నాను. ఇక నీ మీద కోపం లేదు. ఈస్టరు పండక్కి ఒటీలియా, నేనూ వస్తున్నాం.

పెళ్లినాడు కిరీటం పెట్టినప్పుడు కూడా నా తల ఇంత ఎత్తున లేదు.

ఒటీలియా తల్లి,
థియోడోరా