పచ్చబొట్ల చెయ్యి

మక్తల్,
4 జులై 1958

ప్రియమైన అక్కకు,

నీ ముంజేతి ఎముకల గడ్డ పెరుగుతాంది, చెయ్యి తియ్యకుంటే మనిషే దక్కదని డాక్టరు జాబు రాసిండు. నువ్వేమో పచ్చబొట్లు పోతే సచ్చినంక అమ్మ గుర్తువట్టదని మొండికేసినవట! బడిల పిల్లలకు నేను చెప్పేదేంది, మనింట్ల జరిగేదేంది? సూదితోని గుచ్చి మసి నింపితే స్వర్గం తలుపు తెరుస్తరా? బువ్వ దొరకని జనానికి గిసుంటి ఆశలు చూపినోళ్లను నిలదియ్యాలె. ఒప్పుకో అక్కా. బతుకు.

నీ తమ్ముడు
గుర్వయ్య


నల్గొండ దవాఖాన,
11 జులై

తమ్ముడు గుర్వయ్యకు అక్క భద్రమ్మ దీవెనలు.

నర్సు కౌసల్యమ్మతోని రాయిస్తున్న. నీ జాబు ఇని వార్డంత నవ్విండ్రు. "పంతులుకు గడ్డ మీద కన్న బొట్ల మీదనే కోపమున్నది" అన్నది పక్క మంచం లీలమ్మ.

ఒప్పుకున్న తమ్మీ. డాక్టరు సాబు నా చెయ్యి చాన సేపు చూసిండు. "ఒక్క పచ్చబొట్టు తెగకుండ మోచేతి పైన కోస్త. గుడ్డల చుట్టి మీ తమ్మునికిస్త" అన్నడు. కట్టంగూర్ బొందలగడ్డల అమ్మ పక్కన పూడ్చిపెట్టు. గంతే అడుగుతున్న. సోమవారం కోస్తరు, జర ముందుగాల రా.

నీ అక్క


మక్తల్,
29 జులై

ప్రియమైన అక్కకు,

గాయం మానుతాందట, సంతోషం. చెయ్యి సంగతి మల్ల మల్ల అడుగుతున్నవట. దాచను. నువ్వు మత్తుల ఉండంగనే డాక్టరు మూట తెచ్చి ఇయ్యబోయిండు. నేను తీసుకోలె. "మాకు గసుంటి నమ్మకాల్లేవు, కాలవెట్టుండ్రి" అని కాయిదం మీద సంతకం చేసిన. "మీ అక్కకు మాటిచ్చిన మాస్టారూ" అని ఆయన రెండుసార్లన్నడు. నేను ఆయనకే ఉపన్యాసమిచ్చిన. గెలిచిననే అనుకున్న. నువ్వు కండ్లు తెరవకముందే బస్సెక్కిన. తిట్టు అక్కా, కానీ జవాబు రాయి.

గుర్వయ్య


నల్గొండ దవాఖాన,
9 ఆగస్టు

తమ్మీ,

అమ్మ పోయిననాడు నీకు నాలుగు నెలలు, నాకు పన్నెండేండ్లు. అమ్మ చేతి మీద, నా చేతి మీద ఒక్క తీరు చేపల బొట్లే. ఒక్కనాడే పొడిపించుకున్నం. నువ్వు ఎవల దగ్గర పండలె. నా చెయ్యి మీద తల పెట్టి, గా చేపలు తడుముకుంట, అమ్మ చెయ్యే అనుకొని పండెటోనివి. రెండేండ్లు గట్లనే. చెప్తే తల్లిలేనోన్నని నీకు యాదికొస్తదని ఎన్నడు చెప్పలె. "నీ పిలగాన్ని పెంచిన చెయ్యి గిదే" అని ఆమె పక్కన పెడ్దామనుకున్న.

ఎల్లుండి ఇంటికి పంపుతరు. నీ బావ బీరన్న వస్తడు తోలుకపోను. నువ్వు ఇప్పుడే రాకు. నిన్ను చూస్తే దగ్గరికి తీసుకునేటందుకు నాకు కుడి చెయ్యే లేస్తది. అది లేదని నా ఒంటికింక తెలువలె.

అక్క
భద్రమ్మ