వడ్డించని బోర్డు

ఆదివారం

మా అమ్మాయి సింధుకి కాబోయే అత్తవారు పర్చూరు నుంచి మొదటిసారి ఇంటికొచ్చారు. సింధు ఏదో వీడియో చూసి షార్కుటరీ బోర్డు పెడదామంది. చెక్క పలక మీద చీజు, చికెన్ సలామీ, ద్రాక్ష, జీడిపప్పు, జామ్ బదులు గోంగూర పచ్చడి సర్దాను. "తీసుకోండి వదినగారూ" అంటే "తీసుకుంటాం లెండి" అన్నారు. అరగంటైనా వాళ్లలో ఒక్కరూ ముట్టుకోలేదు. నచ్చలేదేమో అనుకున్నాను.

మా అత్తయ్య ప్లేట్లు పట్టుకొచ్చింది. "చుట్టాలకి మనం పెట్టాలే! వాళ్లంతట వాళ్లెలా తీసుకుంటారు?" అని తనే తలా ఇంత వడ్డించింది. పలక ఖాళీ. గోంగూర మళ్లీ అడిగారు.

ఈ మర్యాద నాకు తెలీనిదా! అది కాదు ఇప్పుడు నా బాధ. ఆ అరగంటా పలకలో చెయ్యి పెట్టి తిన్నది మా సింధు ఒక్కతే. వదినగారు దాన్నే చూస్తూ కూర్చున్నారు. నవ్వుతూనే చూశార్లే. అయినా...