అత్త పిలవాల్సిన పేరు

వదినా,

ఎలా ఉన్నావని అడగడానికే భయమేసి, ముందు పాప పేరు సంగతి రాస్తున్నాను. నానమ్మ పేరు చివర కాస్త మార్చి పెడదామనుకున్నానని అన్నయ్య చెప్పే ఉంటాడు. ఇంటిల్లిపాదీ నా మీద విరుచుకుపడుతున్నారు. "అది పిల్ల పేరా, మందుబిళ్ల పేరా?" అంటారు మా మావయ్యగారు. "మా అమ్మ పేరుకే తోక కత్తిరిస్తావా?" అని నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. మా ఆయనైతే ఎందుకిలా అని అడిగి అడిగి ఊరుకున్నారు. కారణం నేనెవరికీ చెప్పలేదు.

నీకు చెప్పాలి. మనింట్లో నానమ్మ పేరు పెట్టి పిలిస్తే గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది నీ కూతురొక్కతే. పిల్ల పోయిందని దాని పేరు కూడా తీసేసుకోవడానికి నాకు మనసు రాలేదు. అలాగని వేరే పేరు పెడితే దాన్ని మరిచిపోయినట్టే అనిపించింది.

పాప పుట్టి నెల దాటినా నువ్వు రాలేదు. తప్పు పట్టడం లేదు. తలుపు వేసుకుని, నేను అనుకున్న పేరు ఒక్కసారి పైకి పిలిచి చూడు. గొంతు పెగలకపోతే కబురు చెయ్యి, మార్చేస్తాను. పేరుదేముంది, ఎవర్ని అడిగినా పది చెబుతారు. నా కూతురికి అత్తవి నువ్వొక్కదానివే.

నీ ఆడపడుచు